ఛాతీ మీద షెవర్లే ఉంటే ఏం కొనడం మానేయాలి? సూపర్ లీగ్ మీద స్పాన్సర్ బాయ్‌కాట్ కథ

(తెర మీద: మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీ, 2020–21 సీజన్‌ది. కెమెరా మెల్లగా ఛాతీ దగ్గరికి.)

ఈ జెర్సీని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఛాతీ మీద షెవర్లే, కార్ల కంపెనీ. చేతి మీద కోలర్, కుళాయిలూ కమోడ్లూ చేసే కంపెనీ. పైన అడిడాస్ గుర్తు.

2021 ఏప్రిల్‌లో తన క్లబ్ సూపర్ లీగ్ అనే వేరు పోటీలో చేరబోతోందని యునైటెడ్ అభిమానికి ఒళ్లు మండింది. ఈ గుర్తులున్న కంపెనీల సరుకు ఇక ముట్టనన్నాడు. బానే ఉంది. మరి షెవర్లే కారు కొనడం మానేద్దామా? షెవర్లే 2015 చివరికే యూరప్‌లో దాదాపు దుకాణం కట్టేసింది. మన దేశంలో 2017తో అమ్మకాలు ఆపేసింది. అంటే మాంచెస్టర్‌లోనూ మామూలు కొత్త కారు దొరకదు, హైదరాబాద్‌లోనూ దొరకదు. పోనీ కోలర్ కుళాయి? ఇల్లు కట్టినప్పుడు కొంటాం, మళ్లీ పదిహేనేళ్లకి గానీ ఆ షాపు మెట్లెక్కం. ఎప్పుడూ కొననిదాన్ని ఇప్పుడు కొనం అంటే ఎవరికి నొప్పి?

అయినా స్పాన్సర్ల మీద పెట్టిన ఒత్తిడి ఒకచోట బ్రహ్మాండంగా పనిచేసింది, ఇంకోచోట ఏమీ కాలేదు. ఎక్కడ, ఎందుకు అన్నదే ఈ వీడియో.

(తెర మీద: పన్నెండు క్లబ్బుల గుర్తులు, ఒక్కొక్కటిగా.)

ముందు గొడవేంటో చెప్పుకుందాం. 2021 ఏప్రిల్ 18, ఆదివారం రాత్రి. పన్నెండు పెద్ద క్లబ్బులు వేరుకుంపటి పెడుతున్నామని ప్రకటించాయి. ఇంగ్లండ్ నుంచి ఆరు: మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్, చెల్సీ, ఆర్సెనల్, టోటెన్‌హామ్. స్పెయిన్ నుంచి రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అట్లెటికో. ఇటలీ నుంచి యువెంటస్, ఏసీ మిలాన్, ఇంటర్. పేరు సూపర్ లీగ్. మొత్తం 20 జట్లు, అందులో 15 శాశ్వత సభ్యులు. ఎంత చెత్తగా ఆడినా వాళ్ల కుర్చీ కదలదు. మిగతా అయిదు కుర్చీల కోసమే అందరూ కొట్టుకోవాలి. వెనక డబ్బు జేపీ మోర్గాన్ బ్యాంకుది. శాశ్వత సభ్యులకి మొదట్లోనే పంచడానికి 350 కోట్ల యూరోలు.

అభిమానికి మంట పుట్టించింది ఆ శాశ్వత కుర్చీలే. కింది డివిజన్ నుంచి పైకి రావడం, పైనుంచి కింద పడిపోవడం, ఈ భయమూ ఆశా లేకపోతే ఇంక ఆట ఎందుకు అన్నది వాళ్ల ప్రశ్న.

ఇక్కడో చిక్కుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. అది కోవిడ్ కాలం. స్టేడియాలు ఖాళీ. మామూలు రోజుల్లో అభిమాని చేతిలో ఉండే మొదటి ఆయుధం టికెట్. 2016లో లివర్‌పూల్ 77 పౌండ్ల టికెట్ పెట్టబోతే, వేలమంది సరిగ్గా 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం వెనక్కి తగ్గింది. 2021 ఏప్రిల్‌లో లేచి వెళ్లడానికి అసలు లోపల ఎవరున్నారు? అందుకే చూపు టికెట్ మీంచి జెర్సీ మీదికి మళ్లింది.

(తెర మీద: ఖాళీ స్టాండు. లివర్‌పూల్ కోప్ స్టాండులోంచి జెండాలు తీసేస్తున్న దృశ్యం.)

స్పాన్సర్ కంపెనీ అసలు ఏం కొంటుంది? గుడ్డ మీద చోటు అనుకుంటాం. గుడ్డకి అన్ని కోట్లు ఎవరిస్తారు? వాళ్లు కొనేది మీ అభిమానం. మీకు జట్టు మీదున్న ప్రేమలో కొంచెం తమ పేరుకీ అంటుకుంటుందని. ఆ ప్రేమ కోపంగా మారితే అదే చోటు ఎదురు తంతుంది. గోల్ పడిన ప్రతిసారీ కెమెరా ముందు మెరిసే పేరు మీద జనం పళ్లు నూరుతుంటారు. కాబట్టి బాయ్‌కాట్‌లో అమ్మకాలు ఎంత తగ్గాయన్నది రెండో విషయం. కొన్న సరుకు పాడైపోయిందని స్పాన్సర్‌కి అనిపించడం మొదటి విషయం.

మొదట కదిలింది చిన్న కంపెనీ. లివర్‌పూల్‌కి వాచీల భాగస్వామి ట్రైబస్. ప్రకటన వచ్చిన రెండో రోజు, ఏప్రిల్ 20న, తెగదెంపులు చేసుకుంటున్నామని చెప్పేసింది. పెద్ద బ్రాండుకి బోర్డు మీటింగులు, లాయర్లు, సలహాదారులు ఉంటారు. నిర్ణయానికి వారాలు పడుతుంది. చిన్న కంపెనీలో యజమాని ఒక్కడు సరే అంటే చాలు. అభిమానుల బృందాలు ఎప్పుడూ జాబితాలో పెద్ద పేర్ల దగ్గర మొదలుపెడతాయి. మా లెక్కన అది తప్పు. కింద నుంచి పైకి రావాలి. మొదటి ఇటుక కదిలితే రెండో కంపెనీ మార్కెటింగ్ మేనేజర్‌కి ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఆ 48 గంటల్లో సూపర్ లీగ్ కూలింది ప్రధానంగా స్పాన్సర్ల వల్ల కాదు. బ్రిటిష్ ప్రభుత్వం చట్టం తెస్తామంది. ఈ లీగ్‌లో ఆడేవాళ్లకి దేశం జట్టులో చోటుండదని యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే సంస్థ యూఈఎఫ్ఏ హెచ్చరించింది. ఈ లీగ్‌లో లేని ఇంకో ఇంగ్లిష్ క్లబ్ లీడ్స్ ఆటగాళ్లు నిరసన టీ షర్టులు వేసుకుని వార్మప్ చేశారు. చెల్సీ అభిమానులు తమ స్టేడియం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ ముందు రోడ్డు ఆపితే క్లబ్ మాజీ గోల్‌కీపర్ పీటర్ చెక్ బయటికొచ్చి బతిమాలాల్సి వచ్చింది. ఏప్రిల్ 20 రాత్రికి ఇంగ్లిష్ క్లబ్బులు ఆరూ బయటికొచ్చేశాయి. స్పాన్సర్ల మీద అసలు యుద్ధం ఆ తర్వాత మొదలైంది. లీగ్ పోయింది గానీ దాన్ని తెచ్చిన యజమానులు పోలేదు కదా.

(తెర మీద: యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ ముందు నిరసనకారుల ఆకుపచ్చ, బంగారు రంగు మఫ్లర్లు.)

యునైటెడ్ అభిమానులు పెట్టిన నినాదం "నాట్ ఎ పెనీ మోర్". ఇక ఒక్క పైసా కూడా ఇవ్వం అని. మే 2న ఓల్డ్ ట్రాఫర్డ్ గేట్లు దాటి మైదానంలోకి దూసుకెళ్లారు. లివర్‌పూల్‌తో మ్యాచ్ వాయిదా పడింది. అదే నెలలో క్లబ్ భాగస్వామి కంపెనీలకి బహిరంగ లేఖ వెళ్లింది, మీ సరుకు కొనం అని.

అప్పుడే ఒక కొత్త ఒప్పందం సంతకం దాకా వచ్చి ఉంది. ప్రాక్టీసు దుస్తుల స్పాన్సర్‌షిప్. అప్పటిదాకా ఉన్న బీమా సలహాల కంపెనీ ఎయాన్ ఒప్పందం ఆ వేసవితో ముగుస్తోంది. ఆ చోటులోకి ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే ద హట్ గ్రూప్ రావాలి. వార్తల్లో వచ్చిన అంకె పదేళ్లకి 20 కోట్ల పౌండ్లు, అంటే ఏడాదికి 2 కోట్లు. మే మొదటి వారం చివర్లో వార్త పొక్కింది: హట్ గ్రూప్ తప్పుకుంది. అభిమానుల బాయ్‌కాట్ తమ బ్రాండుల మీద పడుతుందన్న భయమే కారణమని పత్రికలు రాశాయి.

అదే క్లబ్, అదే నెల, అదే కోపం. అడిడాస్ కదల్లేదు, కోలర్ కదల్లేదు. ఈ ఒక్కటే ఎందుకు కదిలింది?

ఒకటి, సంతకం ఇంకా కాలేదు. ఇది అన్నిటికన్నా పెద్ద కారణం. సంతకమయ్యాక బయటికి రావాలంటే నష్టపరిహారం, లాయర్ ఫీజులు. పరువు పోతోందన్న క్లాజు కాంట్రాక్టులో ఉన్నా, కోర్టులో దాన్ని నిరూపించడం ఏళ్ల పని. సంతకానికి ముందు "వద్దులెండి" అంటే ఖర్చు సున్నా.

రెండు, ఆ కంపెనీ అమ్మేది ఏంటో చూడండి. మైప్రోటీన్. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు నెలనెలా ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ప్రోటీన్ పౌడర్. కొనేవాడూ ఫుట్‌బాల్ చూసేవాడూ ఒకడే. మానేయడం ఒక్క క్లిక్కు, పక్క కంపెనీది కొనడం ఇంకో క్లిక్కు. కుళాయి కథ కాదిది.

మూడు, సొంత ఊరి కంపెనీ. మాంచెస్టర్‌లోనే ఆఫీసు, అక్కడే ఉద్యోగులు. పైగా 2020 సెప్టెంబర్‌లోనే లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. కొత్తగా మార్కెట్‌కొచ్చిన కంపెనీ చెడ్డవార్తని చూసి ఉలిక్కిపడుతుంది.

దీని పక్కన టీమ్‌వ్యూయర్‌ని పెట్టి చూడండి. షెవర్లే తర్వాత ఛాతీ మీదికొచ్చిన జర్మన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ. అయిదేళ్లకి 23.5 కోట్ల పౌండ్లు. సంతకం మార్చిలోనే, సూపర్ లీగ్ గొడవకి ముందే, అయిపోయింది. మామూలు జనానికి ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం. డబ్బు కట్టేవి ఆఫీసులు. ఉచితంగా వాడేవాడు మానేస్తే కంపెనీకి సర్వర్ ఖర్చు మిగులుతుంది! ఒప్పందం పొడిగించబోమని ఆ కంపెనీ 2022లో చెప్పింది నిజమే, కానీ దాని వెనక ఉన్నది ఇంత ఖర్చేంటని గొణిగిన వాటాదారులు, మారిన ఆర్థిక పరిస్థితి. అభిమానుల ఖాతాలో వేసుకుంటే అతి అవుతుంది.

(తెర మీద: తెల్ల కాగితం. ఒక్కో వాక్యం టైపవుతూ.)

ఇప్పుడు పని దగ్గరికొద్దాం. స్పాన్సర్‌కి ఉత్తరం ఎలా ఉండాలి? ఇదిగో, నాలుగే వాక్యాలు.

"నేను మూడేళ్లుగా నెలకో ప్యాకెట్ మీ దగ్గర కొంటున్నాను, చివరి ఆర్డర్ నంబర్ కింద ఇచ్చాను. ఫలానా క్లబ్‌తో మీరు ఒప్పందం చేసుకోబోతున్నారని తెలిసింది. వేరే లీగ్‌లోకి వెళ్లబోమని ఆ క్లబ్ యజమానులు రాతపూర్వకంగా చెప్పేదాకా నా ఆర్డర్లు ఆపేస్తున్నాను. చెప్పిన రోజే మళ్లీ మొదలుపెడతాను."

మొదటి వాక్యం నువ్వు నిజంగా కస్టమర్‌వని రుజువు చేస్తుంది. చివరి వాక్యం మరీ ముఖ్యం. తిరిగొచ్చే దారి చూపించని బాయ్‌కాట్‌ని కంపెనీ పట్టించుకోదు. ఎలాగూ పోయిన కస్టమరే కదా అనుకుంటుంది. "యజమానులు దిగిపోవాలి" లాంటి షరతు పెడితే స్పాన్సర్ చేతులెత్తేస్తుంది, అది వాళ్ల చేతిలో లేని పని. వాళ్లు అడగగలిగినదే అడగమని చెప్పాలి.

ఉత్తరం కస్టమర్ కేర్‌కి పంపకండి. అక్కడ కూర్చున్న పిల్లలకి మీ గొడవతో సంబంధం లేదు, వాళ్లని తిడితే మీ పరువే పోతుంది. ఒక కాపీ మార్కెటింగ్ విభాగానికి. కంపెనీ లిస్టయి ఉంటే ఇంకో కాపీ వాటాదారులతో మాట్లాడే ఇన్వెస్టర్ రిలేషన్స్ విభాగానికి, ఆ ఈమెయిల్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఒకే ఉత్తరాన్ని వెయ్యిమంది కాపీ కొట్టి పంపితే ఒక ఫిల్టర్‌తో చెత్తబుట్టలోకి పోతుంది. యాభైమంది సొంతమాటల్లో, సొంత బిల్లులతో రాస్తే ఎవరో ఒకరు చదవాల్సిందే.

ఇక ఎక్కడ చెడుతుందంటే, ముఖ్యంగా యాప్ స్టోర్‌లో ఒక్క స్టార్ రివ్యూల దగ్గర. ఒక్క రోజులో గుట్టలుగా పడితే స్టోర్లు పసిగట్టి తీసేస్తాయి. వాడని వస్తువు పాడైందని రాస్తే అది అబద్ధం, మీ వాదనే పలచబడుతుంది. రెండో పొరపాటు, ఇరవై కంపెనీల జాబితా పెట్టడం. ఇరవై పేర్లు ఎవడికీ గుర్తుండవు. ఒకటి చాలు, రెండు ఎక్కువ. మూడోది హింస. మే 2న పోలీసులకి గాయాలయ్యాయి, మర్నాడు పత్రికల్లో సగం చోటు దానికే పోయింది. అయితే ఆ రోజు మ్యాచ్ ఆగిపోకపోయి ఉంటే హట్ గ్రూప్ అంత త్వరగా భయపడేదా అంటే, మాకూ అనుమానమే.

(తెర మీద: ఆంధ్రప్రదేశ్ మ్యాప్. తిరుపతి జిల్లా దక్షిణపు అంచు వెలుగుతుంది.)

ఇందులో మన పాత్ర ఏమైనా ఉందా? ఉంది. 2013లో యునైటెడ్‌కి భాగస్వామిగా చేరిన కంపెనీ అపోలో టైర్స్. ఆ కంపెనీ ఫ్యాక్టరీ తిరుపతి జిల్లా చిన్నపాండూరులో ఉంది. ఆ చుట్టుపక్కలే శ్రీసిటీలో క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మాండలీజ్ ప్లాంటుంది. క్యాడ్‌బరీ కూడా అప్పట్లో యునైటెడ్ భాగస్వామే. సూపర్ లీగ్ పెద్దలు పాతకాలపు అభిమానుల్ని "లెగసీ ఫ్యాన్స్" అని పక్కనపెట్టి, "రేపటి అభిమానుల" మీద ఆశ పెట్టుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. రేపటి అభిమాని అంటే విజయవాడలో అర్ధరాత్రి దాకా మేలుకుని ఫోన్‌లో మ్యాచ్ చూసే కుర్రాడే. వాళ్లు అమ్ముకోవాలనుకున్నది అతన్నే.

కానీ ఇక్కడ డైరీ మిల్క్ మానేస్తే బ్రిటన్‌లో ఒప్పందం చేసుకున్న ఆఫీసుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇక్కడి ఆఫీసు లెక్క వేరే, అక్కడి ఆఫీసు లెక్క వేరే. ఉత్తరం ఆ ఒప్పందం చేసిన ఆఫీసుకే వెళ్లాలి, "మీరు నన్ను చూపించే కదా డబ్బిచ్చారు" అన్న మాటతో. అపోలో సంగతి వేరు, నిర్ణయం తీసుకునే ఆఫీసు మన దేశంలోనే ఉంది.

(తెర మీద: యునైటెడ్ ప్రాక్టీసు. దుస్తుల మీద స్పాన్సర్ పేరు లేదు. పక్కన కాలిక్యులేటర్.)

చివరిగా ఒక లెక్క. హట్ గ్రూప్ పోయాక ప్రాక్టీసు దుస్తులకి కొత్త స్పాన్సర్ 2022 ఫిబ్రవరికి గానీ దొరకలేదు. అది టెజోస్, ఒక క్రిప్టో నెట్‌వర్క్. మధ్యలో దాదాపు ఏడు నెలలు. వార్తల్లో వచ్చిన ఏడాదికి 2 కోట్ల పౌండ్ల లెక్కన చేతికి రానిది సుమారు 1.17 కోట్ల పౌండ్లు. సూపర్ లీగ్‌లో చేరబోయినందుకు ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ తాము ఆడే ఇంగ్లండ్ పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌కి కలిపి కట్టడానికి ఒప్పుకున్నది 2.2 కోట్ల పౌండ్లు. తలా 37 లక్షల పౌండ్ల లోపే. యూఈఎఫ్ఏకి ఇచ్చింది వేరే అనుకోండి. యునైటెడ్ తన వంతుగా ప్రీమియర్ లీగ్‌కి కట్టాల్సినదానికి మూడు రెట్లు, ఆ పేరు లేని చొక్కా దగ్గర పోయింది.