యోనా కోపం, యిర్మీయా ఉత్తరం: ప్రవచనాన్ని ఎలా చదవాలి

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు క్రైస్తవ సంఘాల యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘ పెద్దలకు, అయ్యగార్లకు, గుణుపూరు, రాయగడ, బరంపురం నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రభువు నామంలో వందనాలు.

మీరు రాసి పంపిన ప్రశ్నలన్నీ చదివాను. సగానికి పైగా ఒకే రకం. ప్రకటన గ్రంథంలోని మృగం ఎవరు? ఇప్పుడు జరుగుతున్న యుద్ధం యెహెజ్కేలు 38లో ఉందా? ప్రభువు రాకడకు ఇంకెంత కాలం ఉంది? అడగడంలో తప్పేమీ లేదు, శిష్యులూ అడిగారు. తిరిగి లేచిన ప్రభువు ఎదుట నిలబడి, రాజ్యాన్ని ఇప్పుడే తెస్తావా అన్నారు. ఆయన జవాబు అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో ఉంది: "కాలములను సమయములను తండ్రి తన స్వాధీనమందుంచుకొని యున్నాడు, వాటిని తెలిసికొనుట మీ పనికాదు." అంతటితో ఆపలేదు. భూదిగంతాల వరకు నాకు సాక్షులుగా ఉండండని వెంటనే పని అప్పజెప్పాడు. బైబిల్లో ప్రవచనం ఎక్కడ చూసినా ఇలాగే ఉంటుంది. వినేవాడికి ఈ రోజు చేయాల్సిన పని ఒకటి చెబుతుంది. తేదీల లెక్కల్లో పడితే ఆ పని మన చెవికెక్కదు.

లెక్కల్లో పడినవాళ్లకు ఏమైందో చరిత్రలో ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు దానియేలు 8లోని 2,300 దినాలను ఏళ్లుగా లెక్కగట్టాడు. ఆయన వెంట నడిచినవాళ్లు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. మళ్లీ 2011 మే 21 అని హెరాల్డ్ కేంపింగ్ రేడియోలో చాటాడు. ఉద్యోగాలు మానేసినవాళ్లు, దాచుకున్న డబ్బంతా ఆ ప్రచారానికి ఇచ్చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లను చూసి నవ్వకండి. ప్రభువు మీద వాళ్లకున్న ప్రేమ నిజమైనదే. దారి చూపినవాళ్లే తప్పు చూపించారు.

ఇప్పుడు నీనెవెను హెచ్చరించమని దేవుడు పంపిన ప్రవక్త యోనా దగ్గరికి వద్దాం. "ఇక నలువది దినములకు నీనెవె పట్టణము నాశనమగును" అన్నాడు. ఆ మాటలో "అయితే" లేదు, "ఒకవేళ" లేదు. నలభై రోజులు గడిచాయి, నీనెవె చెక్కుచెదరలేదు. రాజు దగ్గర్నుంచి పశువుల దాకా గోనెపట్ట కట్టుకున్నారు, దేవుడు కనికరించాడు. యోనా మాత్రం మండిపడ్డాడు. తన మాట నెరవేరలేదని కోపం.

ఈ తీరంలో పుట్టిన మనకు యోనా తప్పు అర్థం కావడానికి వ్యాఖ్యాన గ్రంథాలు అక్కర్లేదు. 1999 అక్టోబరులో వచ్చిన పెను తుపానుకు ఒడిశాలో దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికే లక్షల మందిని షెల్టర్లకు తరలించారు, కాబట్టి చావులు పదుల సంఖ్యలో ఆగాయి. "ఊరు ఖాళీ చేయకపోతే ప్రాణాలు పోతాయి" అని మైకులో చెప్పిన మనిషి, ఎవరూ చనిపోలేదని తెల్లారి బాధపడతాడా? తన హెచ్చరిక ఫలించిందని సంతోషిస్తాడు. తీర్పు ప్రవచనాలు ఎక్కువ భాగం ఇలాంటివే. ఒక జనం మీదికి తీర్పు వస్తుందని నేను చెప్పినా, వాళ్లు తమ చెడుతనం మానితే ఆ కీడు చేయనని యిర్మీయా 18లో దేవుడే విప్పి చెప్పాడు. కాబట్టి తీర్పు వాక్యం చదివినప్పుడు ఇది ఎవరి మీద పడుతుందా అని వేలు చూపకండి, ఎవరిని బయటికి రమ్మంటోందో చూడండి.

ఇది చెప్పడానికి నాకు ఇంకో కారణం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. వంశధార, మహేంద్రతనయ పొంగాయి. మన గజపతి జిల్లాలోనే బరఘరా గ్రామంలో కొండచరియ విరిగిపడి జనం చనిపోయారు. ఆ వారమే కొందరి నోట "వాళ్ల పాపానికి తీర్పు" అనే మాట విన్నాను, అదీ బైబిలు చేత్తో పట్టుకున్నవాళ్ల నోట. నాకు చాలా బాధేసింది. లూకా 13లో ప్రభువు సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది గురించి మాట్లాడాడు. యెరూషలేములో మిగతావాళ్లందరి కంటే వాళ్లు అపరాధులనుకుంటున్నారా, కాదు అన్నాడు. ప్రభువే కాదన్న చోట మనం అవునంటామా? అలాంటి సమయంలో బియ్యం, దుప్పట్లు పట్టుకుని కొండెక్కినవాళ్లే ప్రవచనాన్ని సరిగ్గా చదివినవాళ్లు.

ఇప్పుడు కాస్త నిదానంగా చూడాల్సిన భాగం ఒకటుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం వాగ్దాన కార్డులు, అంటే కొత్త ఏడాదికి వాగ్దానంగా ఒక్కో వాక్యం రాసి ఉన్న కార్డులు, తీస్తాం. మీలో చాలామంది ఇళ్లల్లో గోడకు యిర్మీయా 29:11 ఉంటుంది, పువ్వుల బొమ్మతో. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును..." మంచి వాక్యం, తీసేయమని నేను అనను. దాని పైనున్న పదో వచనం కూడా చదవమంటాను. అక్కడ డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఈ మాటలు బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన వాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరంలోవి. ఆ ఉత్తరం అందుకున్న నలభై ఏళ్ల మనిషి సొంత ఊరు మళ్లీ చూడడు. మనవలు చూస్తారేమో. ఆ మనిషికి దేవుడిచ్చిన నిరీక్షణ అది.

దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త లేచాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారన్నాడు. బబులోనుకు లోబడాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని అందరి ముందూ విరగ్గొట్టాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో చెప్పనక్కర్లేదు. యిర్మీయా ముందు ఏమన్నాడో చూడండి: ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. ఆయనకూ తన జనం తిరిగి రావాలనే ఉంది. కానీ దేవుడు చెప్పనిది చెప్పలేడు. హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు, తర్వాత కొన్నేళ్లకు యెరూషలేము కూలిపోయింది. ఈ సంవత్సరమే మీకు ప్రమోషన్, ఈ నెలలోనే వీసా అని ఎవరైనా స్టేజీ మీద నుంచి ప్రవచిస్తే హనన్యాను గుర్తు తెచ్చుకోండి. మీకు ఇష్టమైనది చెబుతున్నాడని తోసిపుచ్చొద్దు, ఇష్టమైనది చెబుతున్నాడని నమ్మేయనూ వద్దు.

ఆ ఉత్తరంలో డెబ్బై ఏళ్ల మాట కంటే ముందు ఏముంది? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోరి దాని కోసం ప్రార్థన చేయండి. శత్రువు పట్టణం కోసం! మనం చెరలో లేము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన తాతలు ఎక్కడికీ కదల్లేదు, ఉన్న ఊరే వేరే రాష్ట్రంలోకి వెళ్లింది. అలాంటిది మనం ఈ ఊరి మంచి ఇంకెంత కోరాలి? సంఘ ప్రార్థనలో విశాఖపట్నం, హైదరాబాదుల్లో ఉన్న పిల్లల పేర్లు వినిపిస్తాయి. పక్క వీధిలోని ఒడియా కుటుంబం పేరు కూడా వినిపించాలి.

ప్రకటన గ్రంథం గురించి రెండు మాటలే చెబుతాను. అది ఆసియా అనే రోమా పరగణాలోని (ఇప్పటి టర్కీలో) ఏడు సంఘాలకు రాసింది. అందులో స్ముర్న వంటి సంఘాలు శ్రమలో ఉన్నాయి. 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో ఇళ్లు కాలిపోయి, సహాయ శిబిరాల్లో తలదాచుకున్న విశ్వాసులకు ఆ పుస్తకం ఎందుకు రాశారో ఎవరూ వివరించనక్కర్లేదు. వధింపబడిన గొఱ్ఱెపిల్ల సింహాసనం మధ్య ఉన్నాడు, వాళ్లకు కావలసింది అది. టీకా వేయించుకుంటే మృగం సంఖ్య 666 ముద్ర పడుతుందని ఫోన్లలో మెసేజీలు పంపి ముసలివాళ్లను భయపెట్టడానికి ఆ పుస్తకం రాయలేదు.

మరి నెరవేరిన ప్రవచనాల సంగతి? మెస్సీయ బేత్లెహేములో పుడతాడని మీకా చెప్పాడు, అలాగే పుట్టాడు. మన విశ్వాసానికి అది గట్టి ఆధారం, సందేహం లేదు. కానీ మత్తయి రెండో అధ్యాయం ఇంకోసారి చదవండి. హేరోదు అడిగితే ప్రధానయాజకులు, శాస్త్రులు తడుముకోకుండా వచనం చెప్పారు. యెరూషలేము నుంచి బేత్లెహేము పది కిలోమీటర్లు కూడా ఉండదు. వాళ్లలో ఒక్కరైనా వెళ్లినట్టు మత్తయి రాయలేదు. ఎక్కడో తూర్పు దేశం నుంచి వచ్చిన జ్ఞానులు వెళ్లి సాగిలపడ్డారు. వ్యాఖ్యానం నూటికి నూరుపాళ్లు సరైనదే, కాళ్లు మాత్రం కదల్లేదు.

ఆమోసు కూడా అలా కాళ్లు కదిపించే ప్రవక్తే. తెకోవలో పశువులు కాసుకునే మనిషి. తూము చిన్నది చేసి, దొంగ త్రాసు పెట్టి, చచ్చు ధాన్యం అమ్మేవాళ్ల మీద ఎనిమిదో అధ్యాయంలో నిప్పులు కురిపించాడు. మన సంతల్లో సవర అక్క కొండ దిగి చింతపండు, పసుపు, కొండచీపుర్లు తెస్తుంది. తూకం వేసేవాడు తక్కెడ మీద వేలు ఆనిస్తాడు, అడిగితే కసురుతాడు. అలా కొనేవాళ్లలో మన సంఘాల వాళ్లు ఉంటే, వాళ్లకు దానియేలు లెక్కలు నేర్పేలోగా ఆమోసు 8 చదివి వినిపించాలి. ఇది పెద్దలతో నేను చేస్తున్న మనవి.

వచ్చే శుక్రవారం నుంచి బైబిలు స్టడీలో యిర్మీయా 26 నుంచి 29 వరకు చదువుదాం. ప్రతి అధ్యాయం దగ్గర ముందు ఇది ఎవరితో అన్నాడు, అప్పుడు వాళ్ల పరిస్థితి ఏమిటి అని అడుగుదాం, ఆ తర్వాతే మన సంగతి. మన పిల్లల్లో చాలామంది ఒడియాలో చదువుకుంటున్నారు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. వాళ్లు ఒడియా బైబిళ్లే తెచ్చుకోవచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక వచనం తెలుగులో, ఒక వచనం ఒడియాలో చదివిద్దాం. సంతలో తూకం పని చేసే తమ్ముళ్లు తప్పకుండా రండి.