స్ట్రాబెర్రీ ఎప్పుడు వస్తుంది?

(గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మొదట ఒక సవరణ. కరపత్రంలో నా ప్రసంగాంశం ‘ప్రపంచ యుద్ధ చిత్రాల్లో వీరరసం’ అని అచ్చయింది. కార్యదర్శి గారికి నేను ఫోనులో చెప్పింది ‘యుద్ధకాలపు బొమ్మల్లో మామూలు సిపాయి’ అని. వీరరసం మీద మాట్లాడగలిగినవారు మన ఊళ్లో చాలామంది ఉన్నారు, వాళ్లకు నాకంటే గొంతు కూడా పెద్దది. నేను కార్టూన్లు వేసుకుని బతికినవాణ్ణి. నాకు తెలిసింది బురద, పేలు, టీ, జామ్. ముఖ్యంగా జామ్. వేదిక మీది పెద్దలకూ, ఎండలో పడి వచ్చిన మీకూ, ఇందాక మైకు బాగుచేసిన అబ్బాయికీ కృతజ్ఞతలు. మర్యాదలు అయిపోయాయి.

మీ చేతికి జిరాక్సు కాగితాలు వచ్చి ఉంటాయి. అందనివాళ్లు పక్కవాళ్లవి చూడండి. మొదటి బొమ్మ. చీకటి. చుట్టూ ఫిరంగి గుండ్లు పేలుతున్నాయి. నేలలో ఒక గొయ్యి, అందులో పీకలదాకా దిగి నక్కిన ఇద్దరు సిపాయిలు. ఒకడు ఏదో సణిగి ఉంటాడు, ఏమని సణిగాడో బొమ్మలో లేదు. రెండోవాడు, గుబురు మీసాలవాడు, విసుక్కుంటున్నాడు: ‘ఇంతకంటే మంచి గొయ్యి నీకు తెలిస్తే అక్కడికే పో.’ మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1915 నవంబరులో లండన్ వారపత్రిక ‘బైస్టాండర్’లో అచ్చయిన బొమ్మ ఇది. ఆ మాట బ్రిటన్‌లో నానుడి అయిపోయింది.

వేసినవాడు బ్రూస్ బెయిర్న్స్‌ఫాదర్. 1887లో పుట్టాడు. ఎక్కడనుకున్నారు? మర్రీలో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కొండ ఊరు. తండ్రి బ్రిటిష్ ఇండియాలో పనిచేసిన సైన్యాధికారి. యుద్ధం మొదలయ్యాక కొడుకు రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటు తరఫున బెల్జియం కందకాలకు చేరాడు. 1914 క్రిస్మస్‌నాడు రెండు వైపుల సిపాయిలూ బయటికొచ్చి చేతులు కలిపారని వినే ఉంటారు, ఆ రోజు అతనూ అక్కడ ఉన్నాడు. సగం కూలిన ఇంట్లో తలదాచుకుని గోడల మీద బొమ్మలు గీసేవాడు. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ యుద్ధంలో గుండు పేలి వినికిడి దెబ్బతింది, మనసూ చెదిరింది. ఇంగ్లండు ఆస్పత్రికి పంపారు.

ఆ మీసాల పెద్దమనిషి పేరు ఓల్డ్ బిల్. తలకు ఉన్ని టోపీ, నోట్లో పైపు, వయసు మీరిన ముఖం. తోడుగా బెర్ట్, ఆల్ఫ్ అని ఇద్దరు. వీళ్లు చేసే పని ఏమిటి? తడుస్తారు. కూర్చుంటారు. తింటారు. ఉత్తరం కోసం ఎదురు చూస్తారు. ఒకరినొకరు విసుక్కుంటారు. యుద్ధంలో మామూలు సిపాయి ఎక్కువ కాలం చేసేది అదే కదా! ఒక పటాలం ముందు వరుసలో ఉండేది కొద్ది రోజులే, తర్వాత వెనక వరుస, ఆ తర్వాత ఇంకా వెనక్కి. వెనక్కి వస్తే విశ్రాంతి అనుకుంటున్నారేమో. మూటలు మోయాలి, ముళ్లతీగ మోయాలి, గుంటలు తవ్వాలి. రాత్రుళ్లు చొక్కా విప్పి, కొవ్వొత్తి మంటను కుట్ల వెంట నడిపించి పేలను కాల్చుకోవాలి. తాగే నీళ్లు పెట్రోలు డబ్బాల్లో వచ్చేవి కాబట్టి టీలో కూడా పెట్రోలు వాసనే.

అంతకుముందు జనం చూసిన సిపాయి బొమ్మ వేరు. 1914 సెప్టెంబరులో ఆల్‌ఫ్రెడ్ లీట్ వేసిన బ్రిటిష్ యుద్ధమంత్రి కిచనర్ బొమ్మ మీకందరికీ తెలుసు, వేలు చూపించి సైన్యంలోకి రమ్మనేది. అందులో సిపాయి లేనే లేడు. సిగరెట్ పెట్టెల్లో వచ్చే చిన్న బొమ్మల్లో విక్టోరియా క్రాస్ అనే శౌర్యపతకం పొందిన వీరులుండేవారు. అదే ఏడాది నవంబరులో బెర్ట్ థామస్ అనే చిత్రకారుడు, పైపు వెలిగించుకుంటూ ‘అర నిమిషం ఆగు, కైజర్’ అని జర్మన్ చక్రవర్తితో అంటున్న సిపాయిని వేశాడు. ఆ బొమ్మ పెట్టి సిపాయిల పొగాకు కోసం రెండున్నర లక్షల పౌండ్ల దాకా విరాళాలు పోగుచేశారు. బొమ్మ చక్కగానే ఉంటుంది. కానీ ఆ సిపాయి నవ్వుతున్నాడు చూడండి. ఓల్డ్ బిల్ నవ్వడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు జామ్.

రెండో కాగితం తిప్పండి. ఓల్డ్ బిల్ చేతిలో డబ్బా. దాని మీద ప్లమ్, ఆపిల్ అని ఉంది. ‘ఈ పాడు జామ్ స్ట్రాబెర్రీ ఎప్పుడవుతుంది?’ అని అడుగుతున్నాడు. బ్రిటిష్ సిపాయికి రేషన్లో వచ్చేది గొడ్డుమాంసం డబ్బా, రాయిలాంటి బిస్కెట్టు, జామ్. ఆ జామ్ ఎప్పుడు చూసినా ప్లమ్, ఆపిల్ కలిపిందే. స్ట్రాబెర్రీ కూడా వస్తోందనీ, దారిలో వెనక వరుసలవాళ్లే కాజేస్తున్నారనీ సిపాయిల అనుమానం. మన దగ్గర పెళ్లిభోజనంలో చివరి పంక్తివాళ్లకు ఉండే అనుమానం లాంటిది. ప్లమ్-ఆపిల్ జామ్‌కు మారుపేరుగా నిలిచిన కంపెనీ గ్రిమ్స్‌బీ ఊరి టిక్లర్ వారిది. ఆ టిక్లర్ గారు 1914లో అదే ఊరి నుంచి పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యారు. సిపాయి ఏమనుకుని ఉంటాడో మీరే ఊహించుకోండి.

కథ అక్కడితో ఆగలేదు. 1914 చివర్లో, 1915 మొదట్లో బ్రిటిష్ సైన్యం దగ్గర సరిపడా చేతిబాంబులు లేవు. అటు జర్మన్ల దగ్గర ఉన్నాయి. ఇవతలివాళ్లు ఏం చేశారు? ఖాళీ జామ్ డబ్బా తీసుకుని, అందులో పేలుడు మందు, మేకులు, ఇనుప ముక్కలు కూరి, పైన వత్తి పెట్టి, దాన్ని వెలిగించి విసిరారు. కొన్ని పేలేవి, కొన్ని పేలేవి కావు, కొన్ని చేతిలోనే పేలేవి. వీటికి టిక్లర్ ఫిరంగి దళం అని పేరు పెట్టుకున్నారు! పొద్దున నాకిన డబ్బా రాత్రికి ఆయుధం. 1915లో మిల్స్ బాంబు అనే అసలైన చేతిబాంబు వచ్చేదాకా ఇదే కథ. ఒక్క జామ్ డబ్బా పట్టుకుంటే సైన్యానికి ఏమి ఉన్నదో, ఏమి లేదో, ఎవరు తిన్నారో, ఎవరు సంపాదించారో అంతా చెప్పవచ్చు. ఏ విజయస్తంభం చెబుతుంది ఇంత?

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా ఆవిడ ముందు వరుసలో వాచీ చూసుకుంటోంది, ఆమెకు తెలుసు ఏది రాబోతోందో. 1999లో, కార్గిల్ యుద్ధం రోజుల్లో, నేను ఒక పత్రికలో పనిచేస్తున్నాను. మంచుకొండ మీద ఇద్దరు జవాన్లు, ఒకడు తన గిన్నెలోకి చూసి ‘ఇవాళ కూడా ఇదే పప్పా?’ అంటున్నట్టు బొమ్మ వేశాను. సంపాదకుడు కాగితం కింద పెట్టి, ‘సైన్యాన్ని వెక్కిరిస్తావా?’ అన్నాడు. ‘వెక్కిరించలేదండీ, పప్పునే వెక్కిరించాను’ అన్నాను. ‘జెండా వెయ్యి’ అన్నాడు. జెండా వేశాను. జెండా నాలుగు గీతల్లో అయిపోతుంది. ఆ పప్పు గిన్నెలోకి చూసే ముఖం గీయడానికి నాకు సగం రాత్రి పట్టింది. ఇప్పటికీ ఆ కోపం పోలేదు. ఆయన పేరు చెప్పను, అడగకండి.

బెయిర్న్స్‌ఫాదర్‌కూ మొదట్లో ఇదే ఎదురైంది. మన వీరులను మోటుగా వెక్కిరిస్తున్నాడని అభ్యంతరాలు వచ్చాయి. కానీ కందకాల్లో సిపాయిలు ఆ పేజీలు చింపి గోడలకు అంటించుకుంటున్నారు. పత్రిక అమ్మకాలు పెరిగాయి. దాంతో యుద్ధశాఖ మనసు మార్చుకుని, అతణ్ణే మిత్రదేశాల సైన్యాలకు కూడా బొమ్మలు వేసే పనిలో పెట్టింది. తర్వాత ఓల్డ్ బిల్ పోస్టుకార్డుల మీదికి, పింగాణీ పళ్లాల మీదికి, కప్పుల మీదికి, నాటకాల్లోకి, సినిమాల్లోకి వెళ్లాడు. యుద్ధం ముగిశాక లండన్‌లో ఒక బస్సుకు కూడా అతని పేరు పెట్టారు. సిపాయిలను మోసిన బస్సు అది, ఇప్పుడు యుద్ధ మ్యూజియంలో ఉంది.

అయితే, నేను బెయిర్న్స్‌ఫాదర్ భక్తుణ్ణే కానీ, ఒక మాట చెప్పకుండా వదలను. అతడు అధికారి. కెప్టెన్. మామూలు సిపాయి యాస పెట్టి, మామూలు సిపాయి నోటితో మాట్లాడించాడు, కానీ అతడు మామూలు సిపాయి కాదు. మరి ఆ మాటలు అంత నిక్కచ్చిగా ఎలా పట్టుకున్నాడు? ఒకటి, పక్కనే ఉన్నాడు. రెండోది మీరు ఆలోచించి ఉండరు. సిపాయిలు ఇంటికి రాసే ఉత్తరాలు ముందుగా చదివేది వాళ్ల అధికారులే! పెన్సిలు పట్టుకుని, పనికిరాని వాక్యం కొట్టేసేది వాళ్లే. అంటే సణుగుడు సిపాయి రాస్తే కొట్టివేత, అధికారి బొమ్మగా వేస్తే పత్రిక.

మూడో కాగితం చూడండి, అందులో బొమ్మే లేదు. సైన్యం అచ్చువేసి ఇచ్చిన పోస్టుకార్డు నమూనా. ‘నేను క్షేమం.’ ‘ఆస్పత్రిలో చేరాను.’ ‘నీ ఉత్తరం అందింది.’ ‘చాలా కాలంగా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు.’ ఇలా వరుసలు ముందే అచ్చయి ఉంటాయి. సిపాయి చేయవలసింది తనకు వర్తించనివి కొట్టేసి, సంతకం పెట్టడం. ఇంకొక్క మాట చేర్చినా కార్డును చించేస్తామని పైనే రాసి ఉంది. కోపంగా ఉంది అనే వరుస లేదు. భయంగా ఉంది అనే వరుస లేదు. జామ్ బాగాలేదు అనే వరుస కూడా లేదు. ఆ రోజుల్లో ఇంటి నుంచి సైన్యానికి వారానికి కోటీ ఇరవై లక్షల ఉత్తరాలు వెళ్లేవి. తిరుగు టపాలో చాలామంది తల్లులకు వచ్చింది ఈ కొట్టివేతల కార్డు. కొంతమంది సిపాయిలు ఏం చేశారో తెలుసా? రేషన్ బిస్కెట్టు మీద చిరునామా రాసి, బిళ్ల అంటించి టపాలో వేశారు! అవి విరగకుండా ఇల్లు చేరాయి, ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. తినే వస్తువు అంత గట్టిదని ఇంటివాళ్లకు చెప్పడానికి అంతకంటే మంచి దారి దొరకలేదు. పార్లమెంటులో ప్రశ్న వేసినా ఇంత బాగా తెలియదు.

ఫోటోలు ఎందుకు లేవని వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. సిపాయి దగ్గర కెమెరా ఉండకూడదని సైన్యం నిషేధించింది. పడమటి యుద్ధరంగానికి మొదటి అధికారిక ఫోటోగ్రాఫరు ఎర్నెస్ట్ బ్రూక్స్ 1916లో గానీ రాలేదు. ఆ ఏడాది ఆగస్టులో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం మీద సినిమా వచ్చింది, ఆరు వారాల్లో రెండు కోట్ల మంది దాకా చూశారు. అందులో కందకం ఎక్కి దూకే దృశ్యం శిక్షణ స్థలంలో తీసింది. ఆ యుద్ధం నిజంగా మొదలైన జులై 1న, ఒక్క రోజులో, 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. నాకు నచ్చిన ఫోటో వేరే ఉంది. అదే జులైలో ఓవిలేర్ దగ్గర చెషైర్ రెజిమెంటు కందకం: ఒకడు కాపలా కాస్తున్నాడు, మిగతావాళ్లు కూర్చున్నచోటే, ఒరిగినచోటే నిద్రపోతున్నారు. అంతకంటే ఏమీ జరగదు అందులో.

బొమ్మలు దాచినవీ చెప్పాలి. ఓల్డ్ బిల్ ఏడవడు. పారిపోడు. పారిపోయాడనో, పిరికివాడనో కాల్చి చంపించుకున్నవాళ్లు బ్రిటిష్ సామ్రాజ్య సైన్యంలో 306 మంది, వాళ్లకు క్షమాభిక్ష 2006లో గానీ దొరకలేదు. మనసు చెదిరి ఆస్పత్రిలో పడుకున్న చిత్రకారుడే ఆ చెదిరిన మనసును బొమ్మలోకి రానివ్వలేదు. రానిచ్చి ఉంటే ఆ పత్రిక వేసేదా? మా సంపాదకుడు వేసేవాడా?

గంట కొట్టారు. రెండు నిమిషాలు. సికింద్రాబాద్ సంగతి చెప్పకుండా దిగను.

మన సికింద్రాబాద్ పేరుతోనే ఒక అశ్వికదళ బ్రిగేడు 1914లో ఫ్రాన్స్ వెళ్లింది. అందులో తెల్లవాళ్ల 7వ డ్రాగూన్ గార్డ్స్, నిజాం కాలపు పటాలాల నుంచి వచ్చిన 20వ దక్కన్ హార్స్ కలిసి ఉండేవి. 1916 జులై 14న రెండూ కలిసే ఈటెలు పట్టుకుని సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి దగ్గర దాడికి వెళ్లాయి. దాడికి ముందు గుర్రాలతో ఎదురు చూస్తున్న దక్కన్ హార్స్ ఫోటో ప్రసిద్ధం. అదే బురద, అదే చలి. అయినా బ్రిటిష్ పోస్టుకార్డుల్లో భారత సిపాయి అంటే తలపాగా, మీసం, విధేయత. తిండి బాగాలేదని విసుక్కునే ఓల్డ్ బిల్ మనవాళ్లలో ఒక్కడు కూడా వాళ్ల బొమ్మల్లో లేడు. 1914 క్రిస్మస్‌కు బ్రిటిష్ రాజుగారి కూతురు, రాకుమారి మేరీ పేరున పంచిన ఇత్తడి పెట్టెల్లో తెల్ల సిపాయికి పొగాకు పెడితే, మనవాళ్లలో చాలామందికి కలకండ, మసాలా దినుసులు పెట్టారు. అంటే తిండి తేడా ఉందని వాళ్లకు తెలుసు, బొమ్మ వెయ్యడానికే చెయ్యి రాలేదు. మనవాళ్ల సణుగుడు మిగిలింది సెన్సారువాళ్ల ఫైళ్లలో. నల్ల మిరియాలు అయిపోతున్నాయి, ఇక ఎర్రవి వాడుతున్నారు అని రాశారట, నల్లవంటే మనవాళ్లు, ఎర్రవంటే తెల్లవాళ్లు. సెన్సారు అధికారి అది పట్టుకుని అనువదించి దాచబట్టే ఇవాళ మనకు తెలిసింది.

అయ్యా, అమ్మా, ఒక విన్నపం. ఈ ఊళ్లో సైన్యంలో పనిచేసినవాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. పతకాలు మీ దగ్గరే ఉంచుకోండి. ‘ఇక్కడ చింతపండు దొరకడం లేదు’, ‘బూట్లు కరుస్తున్నాయి’, ‘సెలవు మళ్లీ ఇవ్వలేదు’ అని మీ తాతగారో పెదనాన్నగారో రాసిన కార్డులుంటే, చింపేయకుండా తెచ్చివ్వండి. కార్యదర్శి గారు ఒక బీరువా ఇస్తానన్నారు, అందరి ముందూ అన్నారు కాబట్టి ఇక తప్పించుకోలేరు. జిరాక్సు తీసుకుని అసలువి మీకు తిరిగి ఇచ్చేస్తాను. అట్టపెట్టె పట్టుకుని సభ అయ్యాక మెట్ల దగ్గరే ఉంటాను. ప్రశ్నలుంటే అక్కడే అడగండి, అధ్యక్షులవారికి మళ్లీ గంట కొట్టే అవసరం రానివ్వను.