అయ్యగారి తర్వాత ఎవరు?

అందరికీ ప్రభువు పేరట వందనాలు.

పోయిన నెల మొదటి ఆదివారం మా గుడిలో ప్రభురాత్రి భోజనపు బల్ల. మా పాస్టరు అయ్యగారు ద్రాక్షారసం గిన్నె పట్టుకుని వస్తుంటే చెయ్యి వణుకుతోంది. మోకరించిన ఒక పెద్దమ్మ తాగే ముందు, ఒలికిపోకుండా తన రెండు చేతులూ ఆ గిన్నె కింద పెట్టింది. ఆయనకు 64 ఏళ్ళు. వచ్చే ఏడాది రిటైరవుతారు. ఆ తర్వాత ఎవరంటే పెద్దలంతా తల దించుకుంటున్నారు.

ఈ కడపలో లండన్ మిషన్ వాళ్ళు పని మొదలుపెట్టింది 1822లో. దొరలు వచ్చారు, పోయారు. పల్లెపల్లెకూ నడిచి పోయింది మాత్రం వాక్యం నేర్పే మన ఉపదేశులే. మన పిల్లల్లోనుంచే వచ్చారు వాళ్ళు.

ఈ కొరత మన ఒక్కరిదే కాదు. అమెరికాలో బార్నా అనే సంస్థ లెక్క తీసింది. 1992లో అక్కడి పాస్టర్ల నడిమి వయసు 44 అయితే, 2017కి 54. నలభై లోపువాళ్ళు ఏడుగురిలో ఒక్కరే.

పిల్లలకు భక్తి తగ్గింది అంటారు కొందరు. నేను ఒప్పుకోను. డిసెంబరు చలిలో రాత్రి పన్నెండు దాకా ఇల్లిల్లూ తిరిగి క్యారల్స్ పాడేది ఎవరు? పిలవనిది మనం.

నా సంగతే చెబుతాను. ఇరవై ఏళ్ళుగా సండే స్కూల్లో సమూయేలు కథ చెబుతున్నాను. హన్నా తన బిడ్డను దేవునికి ఇచ్చేసిందని గొంతెత్తి చెబుతాను. మా చిన్నోడు డిగ్రీ అయ్యాక, "అమ్మా, దేవుని సేవకు పోతా, పాస్టరునవుతా" అన్నాడు. "ముందు ఉద్యోగం చూసుకో నాయనా" అన్నాను. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు.

ఎందుకన్నానో చెప్పనా? అయ్యగారి ఇల్లు లోపలినుంచి చూసినదాన్ని. కోత పండుగలో ఒక గుమ్మడికాయను పోటీపడి వెయ్యి రూపాయలకు వేలం పాడతాం. అదే నెలలో అయ్యగారికి జీతం బాకీ. ఇంటికప్పు కారుతోందని అమ్మగారు చెబితే కమిటీ మూడుసార్లు కూర్చుంది. వాన అయిపోయింది గానీ కప్పు బాగుపడలేదు. ఒక్క మనిషి ఎనిమిది ఊళ్ళు తిరగాలి, పెట్రోలు ఆయనదే. ఇవన్నీ మన పిల్లలు చూస్తూనే పెరిగారు కదా.

ఏ మిషన్‌కూ చెందకుండా పాస్టర్లు సొంతంగా నడిపే సంఘాల్లో తండ్రి తర్వాత కొడుకే అంటున్నారు. ఆ పిల్లవాడికి పిలుపు ఉంటే సంతోషం. లేకపోతే వాడికీ భారం, సంఘానికీ భారం.

ఇంకొకటి. మనం వెతికేది మగపిల్లల్లోనే. సి.ఎస్.ఐ.లో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో, మొట్టమొదటి మహిళా బిషప్, పుష్పలలిత గారు, 2013లో అభిషేకం పొందింది మన పక్కనున్న నంద్యాల డయోసీస్‌కే. ఇంత దగ్గర జరిగినా, మన ఆడపిల్లల్లో ఒక్కరినైనా "సేవకు వస్తావా?" అని అడిగామా?

మా సండే స్కూల్లో పదో తరగతి పాప ఒకతి ఉంది. పోయిన ఆదివారం వాక్యం చదివి, దిగి వచ్చి నా చెవిలో, "టీచర్, నేను అయ్యగారి పని చెయ్యొచ్చా?" అంది. ఈసారి నేను ఉద్యోగం మాట ఎత్తలేదు. ఈ శనివారం వాళ్ళమ్మతో మాట్లాడడానికి పోతున్నాను. ఫీజు సంగతి, చదువు సంగతి ఆ తల్లి అడుగుతుంది. జవాబు చెప్పడానికి కమిటీ పెద్దలు ఇద్దరు నాతో రావాలి.