ఈస్టర్ సెలవుల్లో పిల్లల చేతికి ఒక డజను గుడ్లు

అందరికీ నమస్కారం. మార్చి నెల సగానికి వచ్చేసరికి మా న్యూజెర్సీలో ఏ పెద్ద దుకాణానికి వెళ్ళినా, ఒక వరుస మొత్తం లేత గులాబి, లేత పసుపు రంగుల్లోకి మారిపోయి ఉంటుంది. ప్లాస్టిక్ గుడ్లు, బుట్టలు, కుందేలు చెవులు, పీప్స్ అనే పంచదార కోడిపిల్లలు, గుడ్లకు వేసే రంగుల పెట్టెలు అన్నీ అక్కడే కొలువుదీరుతాయి. బడికి సెలవులు వస్తాయి, బయట మాత్రం చలి పూర్తిగా వదలదు, చినుకు ఎప్పుడు పడుతుందో తెలియదు. నాలుగేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయి ఉన్న మా ఇంట్లో ఆ సెలవులను ఎలా గడుపుతామో ఈ వీడియోలో చూపిస్తాను. పని ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: అందులో నా చేతుల కంటే పిల్లల చేతులు ఎక్కువ కదలాలి. అమ్మ కత్తిరించి, అమ్మ అతికించి, చివరికి పిల్లవాడి చేతిలో పెట్టి ఫొటో తీసే బొమ్మల వల్ల పిల్లలకు ఏమీ రాదు, అమ్మకు నడుంనొప్పి తప్ప.

మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. మా చిన్నతనంలో ఈస్టర్ అంటే గుడ్లూ లేవు, కుందేళ్ళూ లేవు. మట్టల ఆదివారం నాడు ఈతమట్టలు పట్టుకుని పాటలు పాడుతూ ఊరేగడం, గుడ్ ఫ్రైడే నాటి పొడవాటి ఆరాధన, ఆ తరువాతి ఆదివారం ఇంకా చీకటి ఉండగానే సమాధుల తోటకు వెళ్ళి పెద్దల సమాధుల మీద పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించడం, ఇవే మాకు పండుగ. గుడ్లు తెచ్చే కుందేలు కథను పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలస వచ్చిన జర్మన్ భాషీయులు అమెరికాకు తెచ్చారు. పిల్లలకు క్రీస్తు కథను, కుందేలు కథను కలపకుండా విడివిడిగా చెబుతాను. ఏది నమ్మకమో, ఏది సరదా కథో తేడా తెలిస్తే రెండింటినీ ఆనందంగానే అందుకుంటారు.

క్రీస్తు కథను చెప్పడానికి ఇక్కడి చర్చిల్లో, ఇళ్ళల్లో ఒక చక్కని పద్ధతి ఉంది. ప్లాస్టిక్ గుడ్లలో ఒక్కొక్క వస్తువు దాచి, పిల్లలు ఒక్కొక్కటీ తెరుస్తూ ఉంటే కథ నడిపిస్తారు. మొదటి దానిలో చిన్న ఆకు, తరువాత నాణెం, రొట్టె ముక్క, ముల్లు, తెల్లని గుడ్డ పీలిక, గులకరాయి, అన్నిటికంటే చివర ఖాళీ గుడ్డు. క్రీస్తు తిరిగి లేచాక కనిపించిన ఖాళీ సమాధికి అది గుర్తు. మా అమ్మాయి మొదటిసారి ఆ గుడ్డు తెరిచి, “దీంట్లో పెట్టడం మరిచిపోయావమ్మా” అంది. కథ అంతా అయ్యాక వస్తువులను కలిపేసి, మళ్ళీ వరుసలో పెట్టమంటాను. ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి జరిగింది అని చెప్పగలగడం చదువు మొదలుపెట్టే పిల్లలకు చాలా అవసరమైన నైపుణ్యం. క్రైస్తవులు కానివారు ఇదే పద్ధతిలో మీ అమ్మమ్మ చెప్పిన ఏ కథనైనా గుడ్లలోకి ఎక్కించవచ్చు.

మా అబ్బాయికి ఈస్టర్ ప్రతి ఏడాదీ వేరే తేదీన ఎందుకు వస్తుందన్నది పెద్ద సందేహం. వాడి చేతికి గోడ మీది తెలుగు క్యాలెండరే ఇచ్చాను. మార్చి 21 మీద వేలు పెట్టు, అక్కడి నుంచి ముందుకు వెళ్ళి మొదటి పున్నమిని పట్టుకో, ఆ తరువాత వచ్చే ఆదివారమే ఈస్టర్ అని చెప్పాను. 2026లో ఉగాది మార్చి 19న వచ్చింది కనుక ఆ పున్నమి మన చైత్ర పౌర్ణమే, ఏప్రిల్ మొదటి రెండు తేదీల్లో. ఆ వెంటనే వచ్చే ఆదివారం ఏప్రిల్ 5, అదే ఈస్టర్. చర్చి వారి పున్నమి లెక్క ఆకాశంలోని చంద్రుణ్ణి కాక పాత పట్టికలను అనుసరిస్తుంది కనుక అప్పుడప్పుడు ఈ పద్ధతి తప్పవచ్చు. అయినా ఈస్టర్ మార్చి 22కు ముందు గానీ ఏప్రిల్ 25 తరువాత గానీ రాదు. ఇదంతా నాలుగేళ్ళ పిల్లకు పట్టదు, దానికి కిటికీలోంచి చంద్రుణ్ణి చూసి రోజుకొక బొమ్మ గీయడమే చాలు.

ఇప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసేపు పిల్లలను కట్టిపడేసే పని చూపిస్తాను. ఒక గాజు సీసాలో పచ్చి కోడిగుడ్డు పెట్టి, అది మునిగే వరకు తెల్ల వెనిగర్ పోయాలి. గుడ్డును జారవిడవడం అమ్మాయి పని, వెనిగర్ పోయడం అబ్బాయి పని. పోయకముందే ఏమవుతుందో ఇద్దరూ చెప్పాలి, చెప్పిన మాట నేను కాగితం మీద రాసి సీసాకు అతికిస్తాను. కొద్ది నిమిషాల్లోనే పెంకు నిండా సన్నని బుడగలు పుడతాయి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి: బుడగలు ముందు పెంకుకు అంటుకుని ఉండి, కాస్త పెద్దవయ్యాక ఒక్కొక్కటిగా విడివడి పైకి లేస్తాయి, పైన గోధుమరంగు నురగ కడుతుంది. “గుడ్డు సోడా తాగుతోందా?” అని అమ్మాయి అడిగింది. నిజానికి సోడాలో ఉండే వాయువే ఇదీను. కోడిగుడ్డు పెంకులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. వెనిగర్‌లోని పులుపు దానిని కరిగించేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది.

ఒక రాత్రి గడిచాక పాత వెనిగర్ పారబోసి కొత్తది పోస్తే, మరుసటి రోజుకు పెంకు దాదాపు కరిగిపోయి ఉంటుంది. కుళాయి కింద వేలితో మెల్లగా రుద్దితే మిగిలిన తెల్లని పొడి కూడా పోయి, లోపలి పొర ఒక్కటే మిగులుతుంది. చీకటి గదిలో దానివెనుక టార్చిలైటు పెడితే లోపల పచ్చసొన కదలడం కనిపిస్తుంది. ఇక్కడితో ఆపవద్దు. ఆ మెత్తని గుడ్డును చిక్కని కార్న్ సిరప్‌లో, అంటే మొక్కజొన్నతో చేసే తియ్యని పాకంలో, ఒక రాత్రి ఉంచండి, లోపలి నీరు బయటికి పోయి గుడ్డు వాడిపోతుంది. తరువాత మామూలు నీళ్ళలో వేయండి, మళ్ళీ ఉబ్బుతుంది. ఊరగాయ కోసం ఉప్పు పట్టించిన మామిడి ముక్కల నుంచి నీరు ఊరడం చూసిన వాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. ముట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి, ఆ గుడ్డును ఎవరూ తినకూడదు. పచ్చిగుడ్డు మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండవచ్చు.

ఇక రంగులు. గుడ్లకు రంగు వేసే బిళ్ళలను ఇక్కడ అందరూ పాస్ అనే పేరుతో కొంటారు. ఆ వ్యాపారం పందొమ్మిదో శతాబ్దంలో మా రాష్ట్రంలోనే, నెవార్క్‌లో ఒక మందుల దుకాణంలో పుట్టింది. బిళ్ళ వేస్తే అయిదు నిమిషాల్లో రంగు వస్తుంది, అందులో పిల్లలకు ఆలోచించే పని ఉండదు. నేను వంటింట్లోని వాటితోనే వేయిస్తాను. వారం రోజుల ఉల్లిపొట్టు దాచిపెట్టి మరిగిస్తే ఇటుక రంగు వస్తుంది, పసుపుతో పసుపు, బీట్‌రూట్‌తో లేత గులాబి. ఎర్ర క్యాబేజీ సంగతి వేరు. దానిని తరిగి నీళ్ళలో అరగంట మరిగిస్తే ఊదారంగు రసం దిగుతుంది, చల్లారాక వడకట్టి కప్పుకు ఒక పెద్ద చెంచా చొప్పున వెనిగర్ కలిపితే గులాబి వైపుకు మారుతుంది. ఏ రంగు గుడ్డు వస్తుందని అడిగితే ఇద్దరూ గులాబి అన్నారు. ఉడికించిన తెల్లగుడ్లను ఆ రసంలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లారేసరికి అవి నీలంగా మారాయి.

కారణం చెప్పే ముందు ఆ రసాన్నే చిన్న గిన్నెల్లో పోసి ఒకదానిలో నిమ్మరసం, ఇంకొకదానిలో వంటసోడా వేయమన్నాను. నిమ్మరసం పడింది ఎర్రబడింది, సోడా పడింది నీలి ఆకుపచ్చకు తిరిగింది. సోడాలాగే పెంకు కూడా పులుపును విరిచేస్తుంది కనుక గుడ్డు నీలమైంది. పసుపు నీళ్ళలో వంటసోడా వేస్తే ఎర్రబడడం చూసి మా అత్తగారు ఫోన్‌లోనే, “ఇందులో వింతేముంది, పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయని మాకు తెలియదా” అన్నారు. ఆవిడ చెప్పిన దానికంటే తేలికైన వివరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇక్కడి అద్దె ఇళ్ళలో ఉండేవారికి ఒక జాగ్రత్త: తెల్లని వంటగట్టు మీద పసుపు మరక పడితే డిపాజిట్ గురించి చింత మొదలవుతుంది. కింద పాత వార్తాపత్రిక పరచండి. నాలుగేళ్ళవారితో అయితే రంగులో ముంచేముందు గుడ్డు మీద తెల్ల క్రేయాన్‌తో గీతలు గీయించండి. మైనం ఉన్నచోట రంగు పట్టదు, కనిపించని బొమ్మ రంగులోంచి బయటపడుతుంది.

ప్లాస్టిక్ గుడ్లను మిఠాయిలు నింపడానికి మాత్రమే వాడడం నాకు నచ్చదు. ఇక్కడి కిండర్‌గార్టెన్ టీచర్లు పై చిప్ప మీద పెద్దబడి (క్యాపిటల్), కింది చిప్ప మీద చిన్నబడి (స్మాల్) ఆంగ్ల అక్షరం రాసి, జత కలపమంటారు. మన లిపిలో పెద్దబడి చిన్నబడి లేవు కనుక నేను చిన్నదానికి హ్రస్వాన్నీ దీర్ఘాన్నీ జత చేశాను: పైన అ, కింద ఆ, పైన ఇ, కింద ఈ. రంగులు వేరైతే అక్షరం చూడకుండా రంగును చూసే జత కలిపేస్తారు, అందుకని అన్నీ ఒకే రంగు గుడ్లు తీసుకోవాలి. పెద్దవాడికి అక్షరం పైన, దాని ఒత్తు కింద. గ, ద వంటివాటికి తలకట్టు తీస్తే ఒత్తు వచ్చేస్తుంది కాబట్టి అవి తేలిక. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు కాబట్టి అక్కడే ఆట రసవత్తరంగా ఉంటుంది.

ఇంకొక ఆట గుడ్డును తిప్పే ఆట. కింది చిప్ప మీద “ల్లి” అని ఒక్కచోట రాసి, పై చిప్ప చుట్టూ త, బ, మ, ప, చె, పి, ఉ అని రాయండి. పై చిప్పను తిప్పుతూ పోతే తల్లి, బల్లి, మల్లి, పల్లి, చెల్లి, పిల్లి, ఉల్లి వరుసగా వచ్చేస్తాయి. వారానికి ఒక గంట తెలుగు తరగతికి వెళ్ళి నోరు విప్పని మా వాడు ఈ గుడ్డు పట్టుకుని తానుగా “గ” రాసి “గల్లి” అని చదివాడు. అది దీర్ఘం ఉన్న మాట అని నేను అనబోతుండగానే, హైదరాబాదులో పెరిగిన మా వారు అందులో తప్పేమీ లేదని తీర్పు ఇచ్చేశారు.

లెక్కల కోసం వేరే సామాను అక్కరలేదు. డజను గుడ్ల అట్టపెట్టెలో చివరి రెండు గుంటలు కత్తిరించేస్తే అయిదేసి గుంటల రెండు వరుసలు మిగులుతాయి. ఏడు గుంటల్లో శనగలు వేసి, పది కావాలంటే ఇంకా ఎన్ని కావాలని అడగండి. ఖాళీలు కంటికి కనిపిస్తాయి కనుక వేళ్ళు లెక్కపెట్టకుండానే జవాబు వస్తుంది.

ఇక దాచిన గుడ్లను పిల్లలు వెతికే గుడ్ల వేట. అందులో ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఏడుపు తప్పకుండా ఉంటుంది, ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు కేటాయిస్తే తప్ప. దాచిన చోటును నేను చెప్పను, చీటీ మీద రాస్తాను: సోఫా వెనుక, దిండు కింద, రెండు చెప్పుల మధ్య. చదవలేని చిన్నదానికి చీటీని అన్న చదివి పెట్టాలి. లోపల స్టిక్కర్లు, చిల్లర నాణేలు, రబ్బరు ముద్రలు పెడతాను. నాలుగేళ్ళలోపు పిల్లలు ఉంటే జెల్లీ బీన్స్, గట్టి మిఠాయిలు, మార్ష్‌మెలోలు, నాణేలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక వారి గుడ్లలో అవి వద్దు. ఇరుగుపొరుగు పిల్లలను పిలిచేటట్లయితే పల్లీలు, జీడిపప్పు పడని వారు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగండి.

వానపడితే వసారాలో గుడ్లు దొర్లించే పందెం పెట్టుకుంటాం. అమెరికా అధ్యక్షుని భవనం పచ్చికలో ఈస్టర్ మరునాడు పిల్లలు పొడవాటి గరిటెలతో గుడ్లు దొర్లిస్తారు. 1876లో అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ వారు తమ భవనం పచ్చిక పాడవుతోందని అక్కడ ఈ ఆటను ఆపించే చట్టం చేశారు. 1878లో అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్ పిల్లలను తన ఇంటి పచ్చికలోకి రానిచ్చారు. మాకు పచ్చిక లేదు, చెక్కనేల ఉంది. ఉడికించిన గుడ్డును, పింగ్‌పాంగ్ బంతిని పక్కపక్కన నెట్టి చూడమన్నాను. బంతి తిన్నగా పోయి గోడకు తగిలింది, గుడ్డు సన్నని కొన వైపుకు వంపు తిరిగి సగం దారిలోనే ఆగింది. రాతి అంచుల మీద గుడ్లు పెట్టే పక్షులకు ఇది ఉపయోగపడవచ్చని, గుడ్డు దొర్లి కింద పడదని పెద్దవాడే ఊహించాడు.

చివరికి మిగిలేవి ఉడికించిన గుడ్లు. రెండు గంటలకు మించి బయట ఉన్నవాటిని, వేటలో నేలమీద పగిలినవాటిని తినకండి. ఫ్రిజ్‌లో ఉంచినవి వారంలోపు వాడేయాలి. పగుళ్ళున్న గుడ్లు వలిస్తే తెల్లసొన మీద నీలి గీతలు కనిపిస్తాయి, కంగారు పడనవసరం లేదు, అది క్యాబేజీ రసమే. మా ఇంట్లో సోమవారం మధ్యాహ్నం వాటన్నిటికీ గాట్లు పెట్టి పులుసు చేస్తాను. వలిచే పని పిల్లలదే. నీలి చారలున్న గుడ్డు ఎవరి కంచంలో పడాలన్న గొడవను ఈసారి చీట్లు వేసి తేల్చారు.