ఊరికే ఏడుపొస్తోందా? మందుల్లేకుండా ఎంతవరకు నెట్టుకురావచ్చు

[తెరపై: సాయంత్రం ప్రకాశం బ్యారేజీ, ట్రాఫిక్. వాయిస్ మొదలు.]

నమస్కారమండీ. "కారణమేమీ లేదు, ఊరికే ఏడుపొచ్చేస్తోంది." ఈ మాట అనేవాళ్లు మన బెజవాడలో తక్కువేం కాదు. పిల్లలు కాలేజీకీ, ఆయన ఆటోనగర్‌కీ వెళ్లాక కుక్కర్ మూత పెడుతుంటే కళ్లు నిండిపోతాయి. ఇంట్లో ఎవరైనా ఉంటే బాత్రూమ్‌లో ట్యాప్ తిప్పుకుని ఏడుస్తారు. మగవాళ్లు బండి పక్కకి ఆపుకుని, హెల్మెట్ తీయకుండానే ఏడ్చేస్తారు. చివర్లో అందరూ అనేది ఒకటే: "మందులు మాత్రం వద్దండీ, అలవాటైపోతాయట."

ముందు ఆ భయం సంగతి చూద్దాం. అలవాటయ్యేవి కొన్ని రకాల నిద్రమాత్రలు. డిప్రెషన్‌కిచ్చే మందులు ఆ కోవలోవి కావు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఈ వీడియో చూసి మానేయకండి. వాటిని ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

అయితే, దిగులు మరీ ముదరకపోతే మందుల్లేని దారి నిజంగానే ఉంది. 2022లో బ్రిటన్‌లో నైస్ సంస్థ ఇచ్చిన వైద్య మార్గదర్శకాల్లో, తక్కువ స్థాయి డిప్రెషన్‌కి మొదటే మాత్రలు రాసేయొద్దనీ, కావాలని రోగి అడిగితే ఇవ్వొచ్చనీ ఉంది.

[తెరపై: రక్తపరీక్ష రిపోర్టు, దగ్గరగా.]

ఏ దారి పట్టినా, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా మనిషి నీరసపడి దిగాలుగా తయారవుతాడు. శాకాహారులు బి12 తప్పకుండా చూపించుకోవాలి. సూర్యారావుపేటలో ల్యాబులకేం కొదవ? పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు బాధేమీ లేకుండానే ఉన్నట్టుండి బావురుమంటుంటే, అది మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కావచ్చు, న్యూరాలజిస్టుకి చూపించాలి. బాలింత ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే "పచ్చి ఒళ్లు కదా, అంతే" అని వదిలేయకండి.

ఆ రెండు వారాలన్న లెక్క మిగతావాళ్లకీ పనికొస్తుంది. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, వాటికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక దెబ్బతినడం... ఇలా రెండు వారాలు సాగితే డిప్రెషనేమోనని డాక్టరు దగ్గర చూపించుకోవాల్సిందే.

ఇక అసలు విషయం. "మూడ్ బాగుంటే చేద్దాంలే" అంటాం చూడండి, అక్కడే ఇరుక్కుపోతాం. దిగులుగా ఉందని ఒక్కో పనీ మానేస్తాం. అక్కకి ఫోన్ మానేస్తాం, ముగ్గు మానేస్తాం, గుడికెళ్లడం మానేస్తాం. మనసుకి కాస్త ఊరటనిచ్చేవి అవే కాబట్టి, అవి పోయేకొద్దీ దిగులు ఇంకా పెరుగుతుంది. అందుకని ముందు పని మొదలుపెట్టాలి, మూడ్ తర్వాత వస్తుంది. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 495 మందిపై ఒక అధ్యయనం చేశారు. కొందరికి మామూలు వైద్యంతో పాటు, డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులు ఈ పద్ధతిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు కౌన్సెలింగ్ ఇచ్చారు. మూడు నెలలకి వాళ్లలో దిగులు మిగతావాళ్లకన్నా బాగా తగ్గింది. ఆ అధ్యయనం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

[తెరపై: పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్నుతో గీస్తున్న చేయి.]

ఇంట్లో ఇలా చేయండి. కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో టైము, పని. రెండో గడిలో, చేసేముందు మనసెలా ఉందో పదికి ఎన్ని మార్కులు. మూడో గడిలో, చేశాక ఎన్ని. ఉదాహరణకి: "సాయంత్రం 6. రైతుబజార్‌కి నడిచి వెళ్లి గోంగూర తేవాలి. ముందు 2. తర్వాత 3." రెండు నుంచి మూడుకేనా అని పెదవి విరవకండి. మంచం మీదే ఉండిపోయుంటే ఆ ఒక్క మార్కూ వచ్చేది కాదు.

పని ఎంత చిన్నదైతే అంత మేలు. "రోజూ గంట వాకింగ్" అని రాసుకుంటే రెండో రోజే ఆగిపోతుంది. "ఏలూరు కాలువ గట్టు మీద పది నిమిషాలు" అని రాయండి. మే నెలైతే పొద్దున్నే, ఎండ ముదరకముందే. వారంలో ఒక్క పనైనా ఇంకో మనిషితో కలిసి చేసేది ఉండాలి. రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున లేచే టైము మార్చకండి. "మందు" వద్దనే మగవాళ్లకి ఒక మాట: రాత్రిపూట వేసే ఆ రెండు పెగ్గులు కూడా దిగులు పెంచేవే!

ఏడుపు ముంచుకొచ్చినప్పుడు బలవంతాన ఆపుకోనక్కర్లేదు. లేచి కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, ఊపిరి తీసుకునేదానికన్నా వదిలేది నిదానంగా వదలండి. తగ్గాక మొహం కడుక్కుని, కాగితంలో రాసుకున్న తర్వాతి పనికి వెళ్లండి. "నాకే ఎందుకిలా" అని అక్కడే కూర్చుని తవ్వుకోకండి. తవ్వేకొద్దీ మళ్లీ ఏడుపే.

[తెరపై: పెద్ద అక్షరాల్లో 14416.]

చచ్చిపోవాలనిపించినా, తిండి పూర్తిగా మానేసినా, లేని మాటలు వినపడుతున్నా "మందులొద్దు" అన్న పట్టుదల పక్కన పెట్టేయాలి. మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ప్రాణం మీదకొచ్చేలా ఉంటే మనిషిని ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లకి. "ఎందుకేడుస్తున్నావ్?" అని పదేపదే అడక్కండి, వాళ్లకే తెలియదు. "పాజిటివ్‌గా ఆలోచించు" అన్న సలహా అంటే నాకైతే ఒళ్లు మండుతుంది. అత్తగారైనా భర్తయినా అనదగ్గ మాట ఒకటుంది: "చెప్పులేసుకోమ్మా, కాలువ దాకా వెళ్లొద్దాం." రానంటే రేపు మళ్లీ అడగండి.