పాపాయి చెవిన పడే మాట

శ్రోతలందరికీ నమస్కారం.

ట... త. మళ్లీ వినండి. ట... త. తేడా మనకు ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లీషు ఒక్కటే వింటూ పెరిగిన పెద్దవాళ్లలో చాలామందికి తెలియదు, రెండూ ఒకటే అంటారు. మరి వాళ్ల ఇంట్లోనే ఉన్న ఏడు నెలల పాపకో? తెలుస్తుంది!

మాటలు రాని పాపకు తెలుసని ఎలా చెప్పగలం? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీ ట, త లతో చేసిన పరీక్ష 1984లో అచ్చయింది. పాప అమ్మ ఒళ్లో ఉంటుంది. స్పీకరులో ట, ట, ట అని వస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి త, త, త అవుతుంది. అప్పుడు పాప తల తిప్పితే పక్క పెట్టెలో లైటు వెలిగి బొమ్మ ఆడుతుంది. శబ్దం మారకుండా తిప్పితే బొమ్మ రాదు. కాసేపటికి పాపకు కిటుకు తెలిసిపోతుంది. అమ్మకు మాత్రం హెడ్‌ఫోన్లలో సంగీతం పెడతారు, లేకపోతే ఆవిడ కదలికే పాపకు సైగ అయిపోతుంది.

ఇంగ్లీషు ఇళ్లలో 6 నుంచి 8 నెలల పిల్లలు చాలామంది తిప్పారు. 10 నుంచి 12 నెలల వాళ్లలో తిప్పింది ఏ కొందరో. అదే వయసులో హిందీ ఇళ్ల పిల్లలు తిప్పారు. దీన్ని నష్టమని నేననను. ఇంట్లో పనికొచ్చే తేడాలకు చెవి పదును పెట్టుకుంటోంది, అంతే.

అయితే టీవీ పెట్టి వదిలేస్తే సరిపోతుందా? సరిపోదు. 2003లో పెట్రీషియా కూల్ బృందం అమెరికాలో 9 నెలల పిల్లలకు మాండరిన్ చైనీస్ వినిపించింది. 12 విడతలు, విడతకు 25 నిమిషాలు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ శబ్దాల తేడా పట్టేశారు. అదే మనుషులు టీవీలో మాట్లాడితే పట్టలేదు.

అందుకని ఒక్క పని చేయండి. పాప దేన్ని చూస్తోందో చూడండి, దాని పేరే చెప్పండి. చెంచా చూస్తుంటే చెంచా అనండి. అప్పుడు "అదిగో బంతి" అంటే చెంచా పేరూ అందదు, బంతి పేరూ అందదు. చెప్పాక ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. ఇక్కడే చాలామంది తొందరపడి మళ్లీ తామే మాట్లాడేస్తారు. ఆగితే పాప "బ" అంటుంది. మీరూ వెంటనే "బ" అనండి. ఆలస్యమైతే ఆ జవాబు తనకేనని పాపకు తెలియదు. రాగం తీసి మాట్లాడితే పిల్లలు చెడిపోతారని కొందరి భయం. ఏమీ చెడిపోరు, ఆ రాగానికే చెవొగ్గుతారు.

పది నెలలు నిండినా బబబ, దదద లాంటివి రాకపోతే, లేదా వెనక నుంచి పిలిస్తే తిరగకపోతే వినికిడి పరీక్ష చేయించండి. నాలుగో నెలలో ఊఁ, ఆఁ అన్నాడు కదా అని ఊరుకోవద్దు. వినపడని పిల్లలూ ఆ వయసులో ఊఁ, ఆఁ అంటారు.

సెలవు.