ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోదు! తిట్టుకున్నా సరే, మళ్ళీ చెప్తున్నా

అయిపోదు. ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోదు.

పోయిన వారం ఈ ఒక్క మాట అన్నందుకు కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "నువ్వేమైనా మెకానిక్‌వా?" అని ఒకాయన. "మా పొట్ట కొట్టకు అన్నా" అని ఇంకొకాయన. ఒక అక్క మాత్రం తిట్టకుండా అడిగింది: "మా ఇంట్లో గ్యాస్ వేయించాకే ఫ్రిజ్ బాగయింది, మరి దానికేమంటావు?" అదీ ప్రశ్నంటే! ఈ వీడియో ఆ అక్క కోసమే. పొట్ట కొట్టొద్దన్న అన్న సంగతి చివర్లో చెప్తాను, ఆయన చెప్పిందాంట్లో కొంచెం న్యాయం ఉంది.

ముందు లోపల ఏం జరుగుతుందో ఒక్క నిమిషంలో చూద్దాం. బైకులో పెట్రోల్ మండుతుంది, అందుకే అయిపోతుంది. స్టవ్ మీద గ్యాస్ మండుతుంది, అయిపోతుంది. ఫ్రిజ్‌లో ఏం మండుతోందండీ? కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి కండెన్సర్ గొట్టాల్లోకి తోస్తుంది. అక్కడ అది వేడిని వదిలి ద్రవమవుతుంది. వెంట్రుకంత సన్నటి క్యాపిలరీ గొట్టం దాటి ఫ్రీజర్ కాయిల్‌లోకి వెళ్ళి, అక్కడ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. తిరిగి కంప్రెసర్ దగ్గరికే వస్తుంది. గానుగెద్దులా రాత్రీ పగలూ అక్కడక్కడే తిరుగుతుంది. ఆ గొట్టాలన్నీ అతికి మూసేసినవే. చిల్లు పడకపోతే ఫ్యాక్టరీలో పోసిన గ్రాములన్నీ ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అందులోనే ఉంటాయి.

మరి "ఐదేళ్ళయింది కదమ్మా, గ్యాస్ అయిపోయుంటుంది" అనే మాట ఎక్కడ పుట్టింది? వయసైపోయి గ్యాస్ రిటైర్ అవుతుందా?

పోయిందీ అంటే ఎక్కడో చిల్లు ఉందన్నమాట. చిల్లు ఉంటే ముందు దాన్ని వెతికి మూయాలి. టైరు పంక్చరయితే, పంక్చర్ వేయకుండా గాలి కొట్టి రెండు వేలు అడిగేవాణ్ణి మీ వీధిలో ఊరుకుంటారా? ఫ్రిజ్ దగ్గర మాత్రం ఊరుకుంటున్నాం. ఊరుకోవడం కాదు, టీ ఇచ్చి మరీ పంపిస్తున్నాం!

ఇప్పుడు మా పిన్ని ఫ్రిజ్ కథ. తణుకులో ఉంటుంది పిన్ని. డబుల్ డోర్, ఫ్రాస్ట్ ఫ్రీ. పోయిన ఏప్రిల్‌లో ఫోన్ చేసింది. "పైన ఐస్‌క్రీమ్ రాయిలా ఉందిరా, కింద పెరుగు మాత్రం సాయంత్రానికే పులిసిపోతోంది. ఇడ్లీ పిండయితే గిన్నె మూత తోసుకుని పైకొస్తోంది." మెకానిక్ వచ్చాడు, డోర్ తీశాడు, చెయ్యి పెట్టాడు. "గ్యాస్ అమ్మా." ఐదు నిమిషాలు పట్టలేదు. ఆటోలో షాపుకి తీసుకెళ్ళి మర్నాడు తెచ్చిచ్చాడు. 2,500 రూపాయలు. ఫ్రిజ్ చక్కగా పనిచేసింది... పన్నెండు రోజులు. మళ్ళీ గ్యాస్. మళ్ళీ ఆటో. ఈసారి రెండు వారాలు. ఇలా వేసవి అయ్యేలోపు మూడుసార్లు, 7,500 పోయాయి.

ఆ అక్క ప్రశ్న ఇదే కదా, గ్యాస్ వేశాక బాగయింది కదా అని. ఎందుకు బాగయిందో వినండి.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో కాయిల్ మనకి కనబడదు, ఫ్రీజర్ వెనక ప్యానెల్ లోపల ఉంటుంది. దాని మీద మంచు పడుతూనే ఉంటుంది. మోడల్‌ని బట్టి ఎనిమిది గంటలకో, పన్నెండు గంటలకో ఒక హీటర్ కాసేపు వెలిగి ఆ మంచుని కరిగిస్తుంది. ఆ నీళ్ళు వెనక కంప్రెసర్ మీదున్న ట్రేలోకి పోయి ఆవిరైపోతాయి. ఆ హీటరో, దాన్ని ఆన్ ఆఫ్ చేసే బైమెటలో, ఫ్యూజో పోయిందనుకోండి. మంచు కరగదు. రోజురోజుకీ పేరుకుని గోడలా కట్టేస్తుంది. చల్లగాలిని కిందికి పంపే దారి మూసుకుపోతుంది. పైన ఐస్‌క్రీమ్ గట్టిగా, కింద పెరుగు పుల్లగా. అచ్చంగా పిన్ని చెప్పిందే! గ్యాస్ లేకపోతే ఆ ఐస్‌క్రీమ్‌ని రాయిలా ఎవరు గడ్డకట్టించారండీ?

ఇప్పుడు ఆటో సంగతి. ప్లగ్ పీకారు. ఏప్రిల్ ఎండలో ఆటో ఎక్కించారు. రాత్రంతా షాపులో పడుంది. లోపలి మంచుగోడ మొత్తం కరిగిపోయింది! ఫ్రిజ్ బాగయింది గ్యాస్ వల్ల కాదు, ఒక రాత్రి ఆపేసినందుకు. ఆ పని పిన్ని ఇంట్లోనే, రెండు డోర్లు తీసిపెట్టి, కింద పాత తువ్వాలు పరిచి, పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. అసలు జబ్బు హీటర్ దగ్గర అలాగే ఉంది కాబట్టి రెండు వారాలకి మళ్ళీ మంచుగోడ.

అక్కా, మీ ఇంట్లో కూడా ఇలాగే అయ్యుంటుందని నా అనుమానం. తేల్చుకోవాలంటే ఒకటే పరీక్ష. ప్లగ్ తీసి, డోర్లు తెరిచి, ఒక రోజంతా వదిలేయండి. మళ్ళీ ఆన్ చేశాక కొన్ని రోజులు బ్రహ్మాండంగా పనిచేసి, తర్వాత మెల్లగా కింద చల్లదనం తగ్గిందా? గ్యాస్ కాదు. రాసిపెట్టుకోండి. చిల్లు పడ్డ ఫ్రిజ్ ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే గ్యాస్ తిరిగి రాదు కదా!

"అయితే గ్యాస్ లీకే ఉండదంటావా?" ఉంటుంది బాబూ. ఉండదని నేను అనలేదు. చాలాసార్లు ఆ లీకు చేసేది మనమే. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఐస్ పేరుకుంటుంది, పాల ప్యాకెట్ అతుక్కుపోతుంది. థర్మోస్టాట్, అంటే చల్లదనం మార్చే డయల్, దాని మధ్యలో డీఫ్రాస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే అదే కరిగి ఊరుకుంటుంది. నొక్కం. అట్లకాడ తెస్తాం! ఆ అల్యూమినియం రేకు లోపలే గ్యాస్ తిరిగే దారులున్నాయి. ఒక్క పోటు, బుస్సుమని శబ్దం. అదీ అసలైన గ్యాస్ పోవడం. ఇంట్లో ఎవరు పొడిచారని అడిగితే ఎవరూ పొడవరు, అది వేరే సంగతి.

లీకు అనగానే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ఉండలేను. 1920లలో ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు వాడేవాళ్ళు. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఫ్రిజ్ లీకై చనిపోయిందని పేపర్లో చదివి ఐన్‌స్టీన్, అవును మన ఐన్‌స్టీనే, లియో సిలార్డ్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిసి కదిలే భాగాలే లేని ఫ్రిజ్ ఒకటి తయారుచేశాడు. 1930లో అమెరికాలో పేటెంట్ కూడా వచ్చింది. చూశారా, ఐన్‌స్టీన్ అంతటివాడు కూడా మళ్ళీ నింపుదాం అనలేదు, లీకయ్యే చోటే లేకుండా చేద్దాం అన్నాడు. మన వీధి చివర మాత్రం సిలిండర్ భుజాన వేసుకుని వచ్చేస్తారు.

ఆ సిలిండర్‌లో ఏముందో కూడా అడగండి. మీ కంప్రెసర్ మీదో, ఫ్రిజ్ మీదో గ్యాస్ పేరు రాసిన స్టిక్కర్ ఉంటుంది. పాతవాటిలో ఆర్-134ఎ, ఈమధ్య వచ్చేవాటిలో ఎక్కువగా ఆర్-600ఎ. ఈ రెండోది ఐసోబ్యూటేన్, అంటే వంట గ్యాస్‌కి సొంత తమ్ముడు. ఇంటి ఫ్రిజ్‌లో సాధారణంగా వంద గ్రాములు కూడా ఉండదు, కానీ అంటుకుంటుంది. దాని దగ్గర గాలి ఆడని గదిలో మంట పెట్టి అతుకులు వేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఇక ఒకటి వాడే ఫ్రిజ్‌లో రెండోది పోశారా, చల్లదనం సరిగ్గా రాదు, కంప్రెసర్ కూడా పాడవుతుంది.

నిజంగా లీకైతే పని ఎలా ఉండాలంటే, నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, సబ్బు నురగ రాసి, బుడగ ఎక్కడొస్తుందో చూడాలి. చిల్లు మూయాలి. గొట్టంలో తేమ పీల్చే డ్రయ్యర్ మార్చాలి. వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేయాలి. ఆ తర్వాత స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు కాటా మీద తూచి వేయాలి. "చిల్లు ఎక్కడుందో చూపించు" అని అడగండి చాలు. పనోడైతే సంతోషంగా చూపిస్తాడు.

మిగతావి గబగబా చెప్పేస్తా. "ఊఁ" అని మూలిగి టక్‌మని ఆగిపోయి, కొన్ని నిమిషాలకి మళ్ళీ ఊఁ, మళ్ళీ టక్. ముందు అనుమానించాల్సింది కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే, వేడెక్కితే దాన్ని ఆపే ఓవర్‌లోడ్, లేదంటే లో వోల్టేజ్. కంప్రెసర్ పోయిందని అప్పుడే ఏడవొద్దు. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కూడా ఇలాగే అంటుంది, లోపలి ప్రెషర్ సర్దుకోవడానికి ఐదు నిమిషాలు టైమివ్వాలి. కూరగాయల ట్రే కింద నీళ్ళు నిలిస్తే డ్రెయిన్ రంధ్రం మూసుకుపోయినట్టే, గోరువెచ్చటి నీళ్ళు పోయండి. డోర్‌లో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే గాస్కెట్, అంటే డోర్ చుట్టూ ఉండే రబ్బరు, వదులైంది. ముందు దాన్ని సబ్బు నీళ్ళతో తుడవండి, సగం సార్లు జిడ్డే అడ్డం. వెనక కండెన్సర్ కాయిల్ బయటికి కనబడే మోడల్ అయితే ప్లగ్ తీసి దుమ్ము దులపండి. కనబడకపోతే అది పక్క గోడల్లో ఉంటుంది, అందుకే ఫ్రిజ్ పక్కలు వేడెక్కుతాయి. భయపడక్కర్లేదు. ఆ వేడి బయటికి పోకుండా మనం పూల కవరు తొడుగుతాం, మూలకి నెడతాం! రామగుండం మే నెల ఎండలో మనకి ఫ్యాను కావాలి, దానికి మాత్రం దుప్పటి. డయల్ మీద అంకెలు డిగ్రీలు కావు, అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. కింద 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి.

ఇప్పుడు పొట్ట కొట్టొద్దన్న అన్నకి. అన్నా, నా థియరీ విను. మన దగ్గర గ్యాస్ అనేది సర్వరోగాల పేరు. ఛాతీలో నొప్పొస్తే గ్యాస్, తలనొప్పొస్తే గ్యాస్, ఫ్రిజ్ చల్లబడకపోతే గ్యాస్. కంటికి కనబడదు కాబట్టి ఎవరూ కాదనలేరు. అయితే ఈ అబద్ధాన్ని పెంచి పోషించింది మెకానిక్ కాదు, మనం! జబ్బేంటో కనిపెట్టినందుకు మనం డబ్బులివ్వం. ఏదో ఒకటి వేస్తేనే ఇస్తాం. గంట కూర్చుని, మీటర్ పెట్టి, "బైమెటల్ పోయింది, 350 రూపాయల పార్టు" అని నిజం చెప్పినవాడికి 350 చేతిలో పెట్టి, అందులో కూడా యాభై తగ్గించమంటాం. ఐదు నిమిషాల్లో గ్యాస్ అన్నవాడికి 2,500 ఇస్తాం. ఇంక ఎవరు నిజం చెప్తారు?

నమ్మరా? పిన్ని దగ్గరికే వద్దాం. నాలుగోసారి వేరే కుర్రాణ్ణి పిలిపించాను. ప్యానెల్ విప్పి, మంచుగోడ చూపించి, మీటర్ పెట్టి, బైమెటల్ మార్చాడు. పార్టు 350, చూసినందుకు 300. జూన్ నుంచి ఈరోజు వరకు ఫ్రిజ్ నోరెత్తలేదు. మొన్న ఫోన్ చేస్తే పిన్ని ఏమందో తెలుసా?

"పనిచేస్తోందిలే గానీ, వాడు మరీ అన్యాయంరా. ఊరికే చూసినందుకు మూడొందలు తీసుకున్నాడు. మునుపటి అబ్బాయే నయం, పాపం గ్యాసైనా వేసేవాడు."